రాత్రి దుకాణం మూసి ఒంటరిగా కారు దాకా నడవాలి: 500 డాలర్లలో వెంట ఉంచుకోదగ్గ పిస్తోలు ఏది?

1. శెనగచేను (టెక్సాస్), మంగళవారం రాత్రి 12:20

అందరికీ నమస్కారం. ఫోర్ట్‌వర్త్‌కు పడమటగా ఒక చిన్న ఊళ్లో పెట్రోలు బంకు, దాన్ని ఆనుకుని సరుకుల దుకాణం నడుపుతున్నాం. పగలు మా వారు చూసుకుంటారు. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా నేను. మూసేసరికి చేతిలో ఆనాటి నగదు సంచి ఉంటుంది. తలుపుకు తాళం వేసి కారు దగ్గరికి వెళ్లాలంటే నలభై అడుగులు నడవాలి.

కిందటి నెల ఐసు సంచులు పెట్టే పెద్ద పెట్టె పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఐదు డాలర్లకు చిల్లర అడిగాడు, లేదన్నాను. నా చేతిలోని సంచిని, నా ముఖాన్ని మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు. జరిగింది అంతే. కానీ ఆ రోజు నుంచి తాళం తిప్పుతుంటే వీపు జలదరిస్తోంది.

మాకు గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లయింది. ఇంతవరకు తుపాకీ ముట్టుకోలేదు. నాకు 48 ఏళ్లు, కుడి బొటనవేలి మొదట్లో కీళ్లనొప్పి, పచ్చడి సీసా మూత తిప్పడానికే మా వారిని పిలవాలి. మొన్న ఒక దుకాణానికి వెళితే అక్కడి అబ్బాయి అరచేతిలో ఇమిడిపోయే .380 (అది తూటా కొలతట) పిస్తోలు తీసి, ఆడవాళ్లు ఎక్కువగా ఇదే కొంటారని చెప్పాడు. ముద్దుగానే ఉంది. కానీ తూటా లోపలికి ఎక్కాలంటే దాని పైభాగం వెనక్కి లాగాలట, అది లాగడానికి రెండు చేతులూ వణికాయి.

అన్నీ కలిపి 500 డాలర్లకు మించి పెట్టలేను. ఏది కొనాలి? ఇంకేమి తెలుసుకోవాలి?

2. రేంజి మాస్టారు (హ్యూస్టన్ దగ్గర), బుధవారం ఉదయం 6:45

అమ్మా, మంచి పని చేశారు, కొనకముందే అడిగారు. నేను 2012 నుంచి కొత్తవారికి కాల్చడం నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చే పది మందిలో ఆరేడుగురు కొనేసిన తరువాత వస్తారు. అప్పటికి చేయగలిగింది తక్కువ.

మొదట డబ్బు సంగతి. 500 అంటే పిస్తోలు ధర 500 కాదు. అందులో పన్ను ఉంది, నడుముకు పెట్టుకునే హోల్‌స్టర్ ఉంది, అభ్యాసానికి తూటాలు, వెంట ఉంచుకోవడానికి వేరే తూటాలు, ఇంట్లో దాచడానికి తాళం పెట్టె ఉన్నాయి, శిక్షణ తరగతి ఉంది. కాబట్టి పిస్తోలుకు 300 దాటనివ్వకండి. 480 పెట్టి పేరున్న పిస్తోలు కొని, 12 డాలర్ల గుడ్డ తొడుగులో పెట్టుకుని, ఏడాదిలో ఒక్క తూటా కూడా కాల్చనివారిని చాలా మందిని చూశాను. 280 డాలర్ల పిస్తోలుతో నెలకు యాభై తూటాలు కాల్చే మనిషి వారికంటే ఎంతో మెరుగు.

రెండోది, ఆ అబ్బాయి చూపించిన చిన్న పిస్తోలు. అలాంటివి కొన్ని పది ఔన్సుల లోపే ఉంటాయి. బరువు తక్కువైతే జేబుకు సుఖం, చేతికి కష్టం. తూటా పేలినప్పటి కుదుపును మింగడానికి అందులో ఇనుమే లేదు. అరచేయి మంట పుడుతుంది, తరువాతి తూటా ఎక్కడికి పోతుందో తెలియదు. అవి కాల్చడంలో ఆరితేరినవారికి తగినవి. కొత్తవారికి, అందులోనూ వేలినొప్పి ఉన్నవారికి, ఎంతమాత్రం కాదు.

కొనే ముందు అద్దెకు తుపాకులిచ్చే రేంజికి, అంటే కాల్చడం అభ్యసించే చోటికి, వెళ్లండి. పది, పదిహేను డాలర్లు తీసుకుని కొన్ని రకాలు మార్చి మార్చి కాల్చనిస్తారు. ఇక్కడ మేము ఎంత చెప్పినా మీ బొటనవేలు చెప్పేదే లెక్క.

3. ఎడిసన్ నివాసి (న్యూజెర్సీ), బుధవారం ఉదయం 8:10

శెనగచేను గారికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆమెకు అడ్డంకి లేదు. అయితే ఈ చర్చ చదివేవారిలో హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 మీద ఉన్నవారే ఎక్కువ. దయచేసి ఈ మాట రెండుసార్లు చదవండి. తాత్కాలిక వీసా మీద అమెరికాలో ఉన్నవారు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. కొనడం ఒక్కటే కాదు, దగ్గర ఉండటమే నేరం. 2022 జూన్‌లో వచ్చిన చట్టంతో గరిష్ఠ శిక్ష పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెరిగింది. దేశం నుంచి పంపించేయడానికి కూడా తుపాకీ నేరం ఒక కారణమవుతుంది. రాష్ట్ర చట్టం ఎంత ఉదారంగా ఉన్నా దీని నుంచి కాపాడలేదు.

4. ఓరుగల్లు కోట (ఓహైయో), బుధవారం మధ్యాహ్నం 1:30

నేను హెచ్-1బీ. మా ఆఫీసువాళ్లు రేంజికి వెళదాం రమ్మంటున్నారు. కొనను, అక్కడే అద్దెకు తీసుకుని కాలుస్తాను. అదీ తప్పేనా?

5. ఎడిసన్ నివాసి, బుధవారం మధ్యాహ్నం 2:05

చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి అది మీ దగ్గర ఉన్నట్టే, అద్దెదైనా సరే. చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనవాళ్లకు ఉపయోగపడేది ఒకటే: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అది తీసుకుని వెళ్లేవారున్నారు. కానీ మీ గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తుంటే, ముందు మీ ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. ఒక సాయంత్రం సరదా కోసం పదేళ్ల నిరీక్షణను పణంగా పెట్టవద్దు.

6. శెనగచేను, బుధవారం రాత్రి 11:50

ఎడిసన్ గారూ, మీ మాట చదివి గుండె ఝల్లుమంది. మా అక్క కొడుకు ఎఫ్-1 మీద ఎం.ఎస్. చదువుతూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. వారాంతంలో నా కారు తీసుకుని వెళుతుంటాడు. రేపు పిస్తోలు కారు డ్యాష్‌బోర్డు అరలో పెడితే?

7. ఎడిసన్ నివాసి, గురువారం ఉదయం 7:30

పెట్టకండి. అందులో ఉందని తెలిసి ఆ కారు అతను నడిపితే, అది అతని అధీనంలో ఉన్నట్టే లెక్కగట్టవచ్చు. ఇంట్లో కూడా తాళం పెట్టెలోనే ఉంచండి, తాళం సంఖ్య మీకు, మీ వారికి తప్ప ఎవరికీ తెలియకూడదు. తూటాలకూ ఇదే నియమం. ఒక్క తూటా కూడా సోఫా కింద, కారు సీటు కింద దొర్లకూడదు. ఆ అబ్బాయికి విషయం విడమరచి చెప్పండి. మొహమాటపడవలసిన సంగతి కాదు ఇది.

8. కంచుగంట (జార్జియా), గురువారం ఉదయం 9:15

పదహారేళ్లుగా మద్యం దుకాణం నడుపుతున్నాను. నా ఓటు రివాల్వర్‌కే. ఐదు తూటాల .38 స్పెషల్. వెనక్కి లాగే పని లేదు, సేఫ్టీ మీట లేదు, తూటాలు నింపి పిడిలోకి దించే మ్యాగజైన్ సరిగ్గా కూర్చుందా లేదా అనే అనుమానం లేదు. నొక్కితే పేలుతుంది, పేలకపోతే మళ్లీ నొక్కితే తరువాతి తూటా వస్తుంది. స్మిత్ అండ్ వెసన్ 642 పాతది నాలుగువందల చుట్టూ దొరుకుతుంది, టారస్ 856 అయితే కొత్తదే అంతకంటే తక్కువకు వస్తుంది, పైగా ఆరు తూటాలు. చీర కట్టుకున్నా, కోటు వేసుకున్నా జేబులో ఇమిడిపోతుంది. పిస్తోలు పైభాగం లాగలేని మనిషికి ఇంతకంటే సూటి దారి ఏముంది?

9. రేంజి మాస్టారు, గురువారం రాత్రి 8:40

కంచుగంట గారి అనుభవానికి గౌరవం ఉంది. పైభాగం లాగే బాధ లేదన్నది నిజం. అయితే ఆ బరువంతా ట్రిగ్గర్ మీదికి వస్తుంది. చిన్న రివాల్వర్ ట్రిగ్గర్ నొక్కాలంటే ఇంచుమించు పన్నెండు పౌండ్ల బలం కావాలి, అదీ ఒక్క చూపుడువేలితో, తుపాకీ కదలకుండా. 642 బరువు పదిహేను ఔన్సుల లోపు. గురి చూసుకునే గాడి చిన్నది. ఐదు తూటాలయ్యాక మళ్లీ నింపడం చీకట్లో వణికే వేళ్లతో చేసే పని కాదు. సులువుగా కనిపించేదీ, సులువుగా కాల్చగలిగేదీ ఒకటి కావు. అమ్మా, రేంజిలో ఇదీ ప్రయత్నించండి. చేతికి కుదిరితే నేను మాట వెనక్కి తీసుకుంటాను.

10. గోదావరి గట్టు (ఆరిజోనా), గురువారం రాత్రి 10:30

రెండేళ్ల క్రితం ఇదే సొమ్ములో మా ఆవిడకు కొన్నాం. అప్పుడు తిరిగిన దుకాణాలు, పట్టి చూసిన పిస్తోళ్లు గుర్తున్నంత వరకు రాస్తాను. ధరలు ఊరినిబట్టి, వారాన్నిబట్టి మారుతుంటాయి.

చవకలో అందరి నోటా వినిపించేది టారస్ జీ3సీ. 9 ఎంఎం కొలత తూటాలు, మ్యాగజైన్‌లో పన్నెండు పడతాయి, ధర మూడువందల లోపు. దాని అన్న జీ2సీ ఇంకా చవక. బ్రెజిల్ సంస్థ, ఇప్పుడు జార్జియాలోని బెయిన్‌బ్రిడ్జ్‌లో కూడా కర్మాగారం ఉంది. ఒక జాగ్రత్త: ఎవరైనా పాత పీటీ-111 మిలీనియం రకం చవకగా ఇస్తామంటే తొందరపడకండి. ఆ తరం పిస్తోళ్లు కింద పడితే పేలుతున్నాయని వేసిన దావా 2015లో రాజీకి వచ్చింది.

రూగర్ ఈసీ9ఎస్ సన్నగా ఉంటుంది, ఏడు తూటాలు. నడుము దగ్గర దాచడానికి బాగుంటుంది, కాల్చడానికి కాస్త మొరటు. సిగ్ పీ365, గ్లాక్ 43ఎక్స్, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ అందరూ మెచ్చుకునేవే. 2018లో వచ్చిన పీ365 అంత చిన్న ఒంట్లో పది తూటాలు ఇమిడ్చి ఈ వరుసనే మార్చేసింది. కానీ కొత్తవి మీ లెక్కకు అందవు.

మీ బొటనవేలి సంగతి చదివాక నేను చెప్పదలచినవి రెండే. ఒకటి, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ .380. పేరులోనే ఉంది, పైభాగం సులువుగా లాగడానికే చేసింది. ఎనిమిది తూటాలు, మ్యాగజైన్ పక్కన చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని కిందికి నొక్కి పట్టుకుంటే తూటాలు నింపడానికి వేళ్లు నొప్పి పుట్టవు. పిడిని గట్టిగా పట్టుకుంటే తప్ప పేలని ఏర్పాటు కూడా ఉంది. రెండు, రూగర్ సెక్యూరిటీ-380. ఇదీ తేలిగ్గా లాగగలిగేదే, పదిహేను తూటాలు, మూడువందల చుట్టూ దొరుకుతోంది. రెండూ అరకిలో పైచిలుకు బరువుంటాయి కాబట్టి .380 తూటా కుదుపు చేతికి పెద్దగా తెలియదు. తూటా అదే అయినా, ఆ దుకాణం అబ్బాయి చూపించిన దానికీ వీటికీ పోలికే లేదు.

ఈజీలో 9 ఎంఎం రకం వాడినది కొనేవారు ఒకటి చూసుకోండి. 2020 మార్చి నుంచి అక్టోబరు వరకు తయారైనవాటిలో హ్యామర్ (తూటాను పేల్చే లోపలి సుత్తి) లోపం గురించి సంస్థే హెచ్చరిక జారీ చేసి ఉచితంగా బాగుచేసింది. ఆ మరమ్మతు అయిందో లేదో సీరియల్ సంఖ్యతో తెలుసుకోవచ్చు.

11. వేపచెట్టు (డాలస్), శుక్రవారం ఉదయం 5:55

అత్యవసర విభాగంలో నర్సుగా పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. కొనవద్దని చెప్పడానికి రాయడం లేదు. కొనేముందు మరి కొన్ని పనులు చేయమని అడగడానికి రాస్తున్నాను.

అక్కా, మీ భయం నలభై అడుగుల గురించి. ఆ నలభై అడుగుల్లో వెలుతురు ఎంత? కారు తలుపుకు ఆనుకునేలా నిలపలేరా? మూసేవేళకు మీ వారు రాలేరా? నగదును రాత్రి ఇంటికి తేవడం తప్పనిసరా? డబ్బు లోపలికి జారవిడిచి, మరునాడు పగలు తెరిచే పెట్టెలుంటాయి. ఆ పెట్టె తాళం మా దగ్గర లేదని తలుపు మీద రాసిపెడితే సగం ముప్పు అక్కడే తప్పుతుంది.

ఇంకొకటి. అమెరికాలో తుపాకీ వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. పత్రికల్లో దొంగతనాల వార్తలు వస్తాయి, ఇవి రావు. మా విభాగానికి వచ్చేవి నేను చూస్తున్నాను. మీ ఇంట్లో చదువుల ఒత్తిడిలో ఉన్న కుర్రవాడు ఉన్నాడు. తాళం పెట్టె గురించి ఎడిసన్ గారు చెప్పింది చట్టం కోసం. నేను చెప్పేది అతని కోసం. ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేని రోజు వస్తే తుపాకీని కొన్నాళ్లు ఇంటి బయట ఉంచే ఏర్పాటు ముందే ఆలోచించి పెట్టుకోండి. అలాంటి రోజున సాయం కోసం పిలిచే 988 నంబరు అందరి ఫోన్లలో ఉండాలి.

12. శెనగచేను, శుక్రవారం రాత్రి 11:58

వేపచెట్టు గారూ, మీరు రాసింది దుకాణంలో నిలబడే మా వారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ మాట్లాడకుండా వెళ్లి, ఐసు పెట్టె పైన కొత్త దీపం బిగించడానికి నిచ్చెన తెచ్చుకున్నారు. డబ్బు జారవిడిచే పెట్టె గురించి కూడా కనుక్కుంటున్నాం. అయినా ఆదివారం రేంజికి వెళుతున్నాను. రెండూ చేస్తాను.

13. మల్లెపందిరి (హ్యూస్టన్), శనివారం ఉదయం 10:20

అక్కా, ఆదివారం వెళ్లేటప్పుడు మెడ దాకా మూసుకునే చొక్కా వేసుకోండి. పేలిన తూటా ఖాళీ గుల్ల కుడివైపు ఎగిరి పడుతుంది, నిప్పులా కాలుతుంది. మొదటిసారి నా మెడ దగ్గర నుంచి లోపలికి జారింది, చేతిలో పిస్తోలుతో గంతులు వేశాను. అంతకు మించిన ప్రమాదకరమైన పని ఇంకొకటి లేదు. కాలినా సరే, పిస్తోలు ముందువైపే చూస్తుండాలి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీసేయాలి, కింద పెట్టాలి, ఆ తరువాతే గుల్ల సంగతి.

ఇక ఎక్కడ పెట్టుకోవాలన్నది. చేతిసంచిలో పెట్టుకుంటానని మాత్రం అనకండి. దొంగ లాక్కునేది ముందు ఆ సంచినే. మీరు నగదు సంచి, చేతిసంచి రెండూ పట్టుకుని నడుస్తారు, రెండూ పోతే పిస్తోలు కూడా వాడి చేతికి వెళుతుంది. పైగా సంచిలో తాళాలు, పెన్నులు ఉంటాయి, అవి ట్రిగ్గర్ దగ్గర దూరితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ట్రిగ్గర్‌ను పూర్తిగా మూసే, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన హోల్‌స్టర్ కొనండి, సరిగ్గా మీ పిస్తోలు రకానికే చేసింది. మనం వేసుకునే లెగ్గింగులకు, పంజాబీ డ్రస్సులకు బెల్టు నిలవదు. దానికి నడుముకు చుట్టుకునే వెడల్పాటి పట్టీ వస్తుంది, హోల్‌స్టర్ అందులో దిగుతుంది. నేను నాలుగేళ్లుగా అదే వాడుతున్నాను. పైన కుర్తా వేసుకుంటే మా అత్తగారికి కూడా తెలియదు. హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు ఎప్పుడూ తొందర వద్దు, కుర్తా అంచు లోపల ఇరుక్కోకుండా కళ్లతో చూస్తూ పెట్టండి.

14. రేంజి మాస్టారు, శనివారం మధ్యాహ్నం 12:15

మల్లెపందిరి చెప్పిన ప్రతి మాటా నిజం. చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డంకి లేనివారు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. అయినా లైసెన్సు తీసుకోండి. రుసుము 40 డాలర్లే. మీ దుకాణం దగ్గర బడి ఉందా? బడి ఆవరణ నుంచి వెయ్యి అడుగుల లోపు తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. సొంత స్థలానికి, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు లేకుండా తిరగవచ్చన్న రాష్ట్ర చట్టం ఈ మినహాయింపు ఇవ్వదు. ఈ తేడా తెలియనివారు చాలా మంది. పక్క రాష్ట్రాలకు వెళ్లినప్పుడు కూడా లైసెన్సే పనికివస్తుంది.

లైసెన్సు పరీక్షలో యాభై తూటాలు కాల్చాలి. మూడు గజాల నుంచి ఇరవై, ఏడు గజాల నుంచి ఇరవై, పదిహేను గజాల నుంచి పది. 250కి 175 రావాలి. కొన్ని దుకాణాల గుమ్మాల మీద తుపాకీతో లోపలికి రావద్దని 30.05, 30.06, 30.07 అంకెలతో పలకలుంటాయి. ఏది ఎవరిని ఆపుతుందో తరగతిలో చెబుతారు, శ్రద్ధగా వినండి.

నేను నేర్పేవారికి మొదటిరోజే చెప్పేది మీకూ చెబుతాను. సంచి అడిగితే ఇచ్చేయండి. వాడికి వ్యతిరేక దిక్కుకు విసిరేసి మీరు కారు వైపు వెళ్లినా సరే. టెక్సాస్ చట్టంలో ఆస్తి రక్షణ గురించి ఉన్న వాక్యాలను స్నేహితులు వల్లిస్తుంటారు. వాటిని నమ్ముకుని ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి. డబ్బు పోయాక కూడా వాడు మీ మీదికి వస్తుంటే, తప్పించుకునే దారి లేకపోతే, అప్పటికి పిస్తోలు.

15. ఎర్రమట్టి (హైదరాబాద్), శనివారం సాయంత్రం 6:40

పదకొండేళ్లు షికాగోలో ఉండి తిరిగొచ్చాను. మీ ఎంపిక గురించి చెప్పగలిగేది లేదు గానీ, ఇండియాకు వచ్చి వెళ్లేవారికి ఒక మాట. రేంజికి వాడే సంచిని ప్రయాణానికి వాడకండి. నాతో పనిచేసిన ఒకాయన అదే సంచిలో బట్టలు సర్దుకుని వచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఇక్కడి విమానాశ్రయంలో ఎక్స్‌రే దగ్గర ఆపారు. సంచి అడుగు కుట్టు మడతలో ఒకే ఒక్క 9 ఎంఎం తూటా. ఆయనకు అది ఉందనే తెలియదు. 1959 ఆయుధాల చట్టం కింద కేసు, విమానం పోయింది, పాస్‌పోర్టు స్వాధీనం, న్యాయవాదుల చుట్టూ తిరగడం. ఇక్కడ 9 ఎంఎం నిషిద్ధ రకం, మామూలు పౌరులకు లైసెన్సు మీద కూడా ఇవ్వరు. ఆ సంచి మీద ఎర్ర రిబ్బను కట్టి, గ్యారేజీ దాటనివ్వకండి.

16. శెనగచేను, ఆదివారం సాయంత్రం 7:30

వెళ్లి వచ్చాను. ఇంకా జుట్టులో తుపాకీమందు వాసన పోలేదు.

చెవులకు మూతలు పెట్టినా మొదటి పది నిమిషాలు పక్కగదిలో ఎవరు కాల్చినా ఉలిక్కిపడ్డాను. నేర్పిన అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో, ఎంతో ఓపిక. ముందు ఖాళీ పిస్తోలు చేతికిచ్చి, మ్యాగజైన్ తీయడం, పైభాగం లాగి లోపల తూటా లేదని కళ్లతో చూసి, చిటికెనవేలితో తడిమి చూడటం, పదిసార్లు చేయించింది.

చిన్న .380తో మొదలుపెట్టాను. ఐదు తూటాల్లో కాగితానికి తగిలినవి రెండు. మూడోదానికే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలు ఎర్రబడింది. రివాల్వర్ నొక్కుతుంటే చివరికొచ్చేసరికి ముక్కు నేలచూపు చూసింది, గురి అంతా కిందికి పోయింది. కంచుగంట గారూ, క్షమించండి, నా వేలికి అది కుదరలేదు.

తరువాత 9 ఎంఎంలు రెండు. పైభాగం లాగడం నా వల్ల కాలేదు. అప్పుడు ఆ అమ్మాయి పట్టు మార్చింది. బొటనవేలు, చూపుడువేలితో గిల్లినట్టు పట్టుకుంటున్నాను నేను. అలా కాకుండా ఎడమ అరచేతిని పైనుంచి కప్పి, నాలుగు వేళ్లతో బిగించి, పిస్తోలును పొట్ట దగ్గరికి తెచ్చుకుని, కుడిచేతితో పిడిని ముందుకు తొయ్యమంది. వెనక్కి లాగడం కాదు, ముందుకు తొయ్యడం. రోకలి పట్టుకున్న భుజం బలం అక్కడికి వచ్చింది. ఐదుసార్లలో నాలుగుసార్లు లాగగలిగాను.

చివరికి షీల్డ్ ఈజీ, సెక్యూరిటీ-380. రెండూ వెన్నలో వేలు పెట్టినట్టు కదిలాయి. ఏడు గజాల నుంచి పది తూటాలు కాల్చాను. ఈజీతో కంచం అంత వెడల్పులో పడ్డాయి, రూగర్‌తో ఇంకా దగ్గర దగ్గరగా. ఆ కాగితం మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. రూగర్ పిడి నా చేతికి నిండుగా సరిపోయింది. ధర కూడా తక్కువ. అదే తీసుకుంటున్నాను.

17. గోదావరి గట్టు, ఆదివారం రాత్రి 9:00

చాలా సంతోషం. .380 అభ్యాసపు తూటాలు 9 ఎంఎం కంటే కొంచెం ఖరీదు, ఆ లెక్క వేసుకోండి. వెంట ఉంచుకునేవి మాత్రం ముక్కు గుంటగా ఉండే రకం కావాలి. గుండ్రటి ముక్కు తూటా మనిషిని దాటి వెనకనున్న గోడను కూడా దాటవచ్చు. హార్నడీ క్రిటికల్ డిఫెన్స్, స్పియర్ గోల్డ్ డాట్ లాంటివి ఒకటి రెండు పెట్టెలు తీసుకుని, కొన్ని మీ పిస్తోలులో కాల్చి చూడండి. అడ్డుపడకుండా పోతేనే వాటిని నమ్మండి.

18. ఎడిసన్ నివాసి, ఆదివారం రాత్రి 9:40

మా న్యూజెర్సీవారు ఇది చూసి పొరబడకండి. ఇక్కడ కొనడానికి ముందు అనుమతి, వెంట ఉంచుకోవడానికి మరో అనుమతి కావాలి, మ్యాగజైన్‌లో పది తూటాలు దాటకూడదు. గుంట ముక్కు తూటాలను ఇంట్లో ఉంచుకోవడం వేరు, వెంట తిరగడం వేరు. కాలిఫోర్నియాలో రాష్ట్రం ఆమోదించిన పిస్తోళ్ల జాబితా ఉంది, కొన్నాక పది రోజులు ఆగాలి.

19. శెనగచేను, అయిదు వారాల తరువాత, శనివారం రాత్రి 11:10

ఆలస్యంగా రాస్తున్నాను. కొనేటప్పుడు గ్రీన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు చూసి, ఒక పత్రం నింపించారు. అందులో పౌరసత్వం, గ్రీన్ కార్డు సంఖ్య అడుగుతారు. కొనేవారి నేర చరిత్ర తనిఖీ చాలామందికి నిమిషాల్లో తేలిపోతుందట, నాది రెండు రోజులు ఆగింది. పిస్తోలుతోపాటు తాళం తీగ కూడా ఇచ్చారు.

ఖర్చు రాసుకున్నాను, ఎవరికైనా పనికివస్తుందని: పిస్తోలు 309, పన్ను ఇరవై అయిదున్నర, హోల్‌స్టర్ 48, అభ్యాసపు తూటాలు రెండువందలకు 84, గుంట ముక్కువి రెండు పెట్టెలు 54, తాళం పెట్టె 35, తరగతి 70, లైసెన్సు 40, వేలిముద్రలకు పది. మొత్తం 675 దాటింది. 500లో అవుతుందనుకున్నది కాలేదు. తూటాలు, తరగతి తరువాతి నెలకు వాయిదా వేద్దామని మా వారు అన్నారు. తరగతి కాకుండా నడుముకు పెట్టుకోనన్నాను.

పరీక్షలో 250కి 228. పదిహేను గజాల దగ్గర చేయి తడబడింది.

మా అక్క కొడుకును కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. తాళం సంఖ్య తనకు చెప్పవద్దని వాడే అన్నాడు. కారు డ్యాష్‌బోర్డు అర ఖాళీగా ఉంటుంది. డబ్బు పెట్టె దుకాణంలో నేలకు బిగించారు, రాత్రి నా చేతిలో ఇప్పుడు తాళాలు మాత్రమే ఉంటాయి. మూసే సమయం పదింటికి మార్చాం. ఐసు పెట్టె దగ్గర పట్టపగలులా వెలుతురు.

మల్లెపందిరి గారూ, మీరు చెప్పిన నడుము పట్టీ రెండు రకాలు కొని చూశాను, రెండూ కూర్చుంటే పైకి మడిచుకుపోతున్నాయి. మీరు వాడేది ఎలాంటిది?

20. మల్లెపందిరి, ఆదివారం ఉదయం 8:05

అక్కా, వెనక రెండు గట్టి పుల్లలు కుట్టి ఉండే రకం చూడండి, అది మడిచుకోదు. నడుము కొలత టేపుతో బొడ్డు కింద తీసుకుని రాయండి, లంగా కొలత కాదు. నా దగ్గర కొత్తది ఒకటి వాడకుండా ఉంది. సరిపోయేలా ఉంటే ఈ వారమే పంపిస్తాను.